మౌనం, నిశ్శబ్దం, ఊరుకోవడం: పదపదానికి వ్యాఖ్య

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ప్లాట్లు అమ్మేవాళ్ళు 'ప్రశాంత వాతావరణం' అని బోర్డు పెడతారు. గ్రంథాలయం గోడ 'నిశ్శబ్దం పాటించండి' అంటుంది. సంతాప సభ 'రెండు నిమిషాల మౌనం' పాటిస్తుంది. ఏడ్చే పిల్లాణ్ణి తల్లి 'ఊకో' అంటుంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పలకకపోతే పెద్దలు 'మౌనం అర్ధాంగీకారం' అని తేల్చేస్తారు. ఈ మాటలన్నీ ఒకే వస్తువుకు పర్యాయపదాలని సాధారణంగా అనుకుంటాం. అవి పర్యాయపదాలు కావు. వీటిలో ఒకటి చోటుకు చెందుతుంది, ఒకటి మనసుకు చెందుతుంది, ఒకటి మనిషికీ మనిషికీ మధ్య నడిచే వ్యవహారానికి చెందుతుంది. ఒకదాని చోట మరొకటి వాడితే వాక్యం చెడుతుంది. ఒక్కోసారి ఆస్తి కూడా చెడుతుంది. కాబట్టి ఒక్కొక్క పదాన్నే తీసుకుని చూద్దాం.

1. సద్దు, చప్పుడు, అలికిడి

లేనిదాన్ని నిర్వచించాలంటే ముందు ఉన్నదాన్ని నిర్వచించాలి. న్యాయశాస్త్రజ్ఞులు, అంటే గౌతముడి తర్కాన్ని అనుసరించేవారు, ఈ విషయంలో కచ్చితమైన నియమం పెట్టారు. 'అభావం' అన్నప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఏది లేదు? ఎక్కడ లేదు? లేని వస్తువును ప్రతియోగి అంటారు. అది లేని చోటును అధికరణం అంటారు. ఈ రెండూ చెప్పకుండా 'లేదు' అంటే ఏమీ చెప్పనట్టే.

ఇక్కడ ప్రతియోగి శబ్దం. ఇది సంస్కృత పదం. ప్రాకృతంలో 'సద్ద' అయి, తెలుగులో 'సద్దు'గా స్థిరపడింది. అనగా శబ్దం తత్సమం, సద్దు తద్భవం. చప్పుడు వాడుక మాట, మేడ్చల్ పల్లెల్లో అది 'సప్పుడు'. అలికిడి మాత్రం వీటితో సమానం కాదు. అలికిడి అంటే కదలిక వల్ల పుట్టే ధ్వని, ఎవరో ఉన్నారని తెలిపే ధ్వని. రాత్రి చివరి రైలు వెళ్ళిపోయాక మేడ్చల్ స్టేషన్లో పంకా తిరుగుతూనే ఉండవచ్చు. అప్పుడు చప్పుడు ఉంది, అలికిడి లేదు. పిల్లి గోడ దిగుతుంటే అలికిడి ఉంటుంది, చప్పుడు అనదగినది ఉండకపోవచ్చు.

'సద్దుమణిగింది' అన్న క్రియను కూడా ఇక్కడే చూడాలి. తార్కికులు అభావాన్ని కాలాన్ని బట్టి కూడా విడదీశారు. వస్తువు పుట్టక ముందు ఉండే లేమి ప్రాగభావం. అది నశించాక ఏర్పడే లేమి ప్రధ్వంసాభావం. రైలు రాకముందు స్టేషన్లో ఉన్నది మొదటి రకం. రైలు వచ్చి, జనం దిగి, ఆటోలు కదిలిపోయాక ఉన్నది రెండో రకం. సద్దుమణగడం ఈ రెండోదానికే చెల్లుతుంది. అసలు పుట్టని సద్దు మణగదు.

మీమాంసకులు ఈ లెక్కను ఒప్పుకోరు. వారికి శబ్దం నిత్యం, అంటే పుట్టేదీ చచ్చేదీ కాదు. ఉచ్చారణ దాన్ని వెల్లడి చేస్తుంది, అంతే. కాబట్టి వారి మతంలో నోరు మూసుకున్నప్పుడు శబ్దం లేకపోలేదు, వెల్లడి కాలేదు.

2. నిశ్శబ్దం

నిస్ అనే ఉపసర్గ, శబ్దం అనే నామం కలిసిన మాట ఇది. అనగా శబ్దం తొలగిన స్థితి. విసర్గ నిలిస్తే 'నిఃశబ్దం', విసర్గ శకారంగా మారితే 'నిశ్శబ్దం'. పాణిని వ్యాకరణం రెండింటినీ అనుమతిస్తుంది. తెలుగులో రెండోది స్థిరపడింది. పోస్టర్ల మీదా ఫోన్లలోనూ కనిపించే 'నిశబ్దం' తప్పు. లేమిని చెప్పేది 'నిస్'. ఆ ఉపసర్గలోని సకారానికి మిగిలిన ఆనవాలు జంట శకారంలో మొదటిదే, రెండోది 'శబ్దం'లోనిది. వత్తు తీసేస్తే ఒక్క శకారమే మిగిలి, ఆ ఆనవాలు పోతుంది.

నిశ్శబ్దానికి అధికరణం ఎప్పుడూ చోటు లేదా వేళ. నిశ్శబ్దమైన గది, నిశ్శబ్దమైన రాత్రి అంటాం. రాయి దగ్గర నిశ్శబ్దం ఉంటుంది, రాయికి మౌనం ఉండదు. ఈ ఒక్క భేదం పట్టుకుంటే సగం చిక్కులు వీడిపోతాయి.

ఇప్పుడు కొలత. ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. సున్నా డెసిబెల్ అంటే శబ్దం అసలు లేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఆరోగ్యమైన చెవికి వినబడే అతిచిన్న ధ్వనిని, అంటే 20 మైక్రోపాస్కల్ పీడనాన్ని, లెక్కకు మొదలుగా పెట్టుకుని దానికి సున్నా అని పేరు పెట్టారు. అంతకంటే చిన్న ధ్వనులూ ఉంటాయి, వాటి కొలత సున్నాకు దిగువకు పోతుంది. పది డెసిబెల్లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు అవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు.

చట్టం మాట్లాడే నిశ్శబ్దం ఇంకా వేరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో 'సైలెన్స్ జోన్' అనే పదం ఉంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల వంటి వాటి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ఇది ఉండవచ్చు. 2017 సవరణ తరువాత ప్రభుత్వం ప్రకటిస్తేనే ఆ పేరు వర్తిస్తుంది. ఆ జోన్లో పగలు 50 డెసిబెల్లు, రాత్రి 40 డెసిబెల్లు పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. నివాస ప్రాంతాలకు ఈ పరిమితులు 55, 45. అనగా చట్టం దృష్టిలో సైలెన్స్ జోన్ శబ్దం లేని చోటు కాదు, శబ్దానికి తక్కువ పరిమితి పెట్టిన చోటు. పైగా ఈ అంకెలు కొంత కాలవ్యవధి మీద తీసిన సగటుకు సంబంధించినవి. ఒక హారన్ మోగినంత మాత్రాన పరిమితి దాటిందని చెప్పలేం.

నిశ్శబ్దం అంటే వట్టి ఖాళీ అనుకునేవారు సంగీతజ్ఞుల లెక్క చూడాలి. తాళంలో చేసే పనిని క్రియ అంటారు. చరిచితే సశబ్ద క్రియ. చెయ్యి విసిరినా వేళ్ళు లెక్కించినా నిశ్శబ్ద క్రియ. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. అందులో మొదటిది, ఐదోది, ఏడోది మాత్రమే చరుపులు. మిగిలిన ఐదూ చప్పుడు లేనివే. అయినా వాటిలో ఒక్కటి తప్పితే తాళం తప్పుతుంది. అంటే ఇక్కడ నిశ్శబ్దానికి పరిమాణం ఉంది, స్థానం ఉంది, పని ఉంది.

3. నిర్మానుష్యం, ప్రశాంతం

ఈ రెండూ నిశ్శబ్దానికి పొరుగు పదాలు. పొరుగువి కాబట్టే గందరగోళం.

నిర్మానుష్యం అంటే మనుషులు లేకపోవడం. ఇక్కడ ప్రతియోగి మనిషి, శబ్దం కాదు. శామీర్‌పేట చెరువు పక్కన ఉన్న జవహర్ డీర్ పార్కులో ఒక మూలకు పోయి 'ఎంత నిశ్శబ్దంగా ఉంది' అంటాం. నెమలి కూస్తుంది, ఆకులు గలగలమంటాయి. మనం నిజంగా గమనించింది మనుషుల మాటలు లేకపోవడాన్ని.

ప్రశాంతం అనే మాట శమ్ ధాతువు నుంచి వచ్చింది. అంటే అణగడం, నెమ్మదించడం. ఇది ముఖ్యంగా మనసు స్థితి, దాని నుంచి చోటుకు ఆరోపించుకుంటాం. తెలంగాణ మాటల్లో దీనికి దగ్గరది 'నిమ్మలం'. అందుకే రాజీవ్ రహదారి మీద లారీలు పోతున్నా, హకీంపేట వైమానిక స్థావరం నుంచి శిక్షణ విమానాలు లేచినా, ఆ పక్కనే ఇల్లు కట్టుకున్నవాడు 'ఇక్కడ నిమ్మలంగ ఉన్న' అనవచ్చు. అతను అబద్ధం చెప్పడం లేదు. డెసిబెల్ మీటర్ మాత్రం అతని మాటకు సాక్ష్యం ఇవ్వదు. కాబట్టి బోర్డు మీది 'ప్రశాంత వాతావరణం' కొలవదగిన వాగ్దానం కాదని కొనేవాడు తెలుసుకోవాలి.

4. మౌనం

ఇది ముని అనే పదం నుంచి పుట్టింది. మునియొక్క భావం మౌనం, శుచియొక్క భావం శౌచం అయినట్టే. ముని అన్న పదాన్ని వైయాకరణులు 'మన్' ధాతువు నుంచి సాధిస్తారు. మన్ అంటే ఆలోచించడం, ఎరుగుట. మనస్సు, మననం, మంత్రం అన్నీ ఆ కుదురువే. అనగా మౌనం అన్న పదంలో నోటి ప్రసక్తి లేదు. మాట్లాడకపోవడం దాని మూలార్థం కాదు, దాని ఫలితానికి తరువాత అంటుకున్న అర్థం.

ఇది శబ్దవ్యుత్పత్తి వినోదం మాత్రమే అనుకోనక్కర లేదు. భగవద్గీత 17వ అధ్యాయం తపస్సును శారీరం, వాఙ్మయం, మానసం అని మూడుగా విభజిస్తుంది. మౌనం నోటికి సంబంధించినదైతే వాఙ్మయ తపస్సులో ఉండాలి. అక్కడ లేదు. 16వ శ్లోకంలో, మానస తపస్సులో ఉంది. శంకరాచార్యుల భాష్యం దీనికి కారణం చెబుతుంది: వాక్కును నిగ్రహించాలంటే ముందు మనసును నిగ్రహించాలి, కాబట్టి కార్యం పేరుతో కారణాన్ని చెప్పారు. అంటే పేరు పలకకపోవడానిది, ఉద్దేశించినది మనసు అదుపు.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు కహోలుడికి ఇచ్చిన జవాబు ఇంకో మెట్టు పైకి పోతుంది. పాండిత్యం దాటి, బాల్యం దాటి, ముని అయి, చివరకు మౌనాన్నీ అమౌనాన్నీ రెండింటినీ దాటినవాడు బ్రాహ్మణుడని ఆ ఘట్టం సారాంశం. అంటే మౌనం మజిలీయే కాని గమ్యం కాదు.

యోగవాసిష్ఠం మౌనాన్ని నాలుగుగా లెక్కిస్తుంది. వాఙ్మౌనం మాట ఆపడం. అక్షమౌనం ఇంద్రియాలను ఆపడం. కాష్ఠమౌనం కట్టెలా చేష్టలు మానడం. సౌషుప్త మౌనం జీవన్ముక్తుడిది. లోకం మౌనం అని పిలిచేది వీటిలో మొదటిదాన్నే.

ఒక సందేహం తీర్చాలి. మౌనం, మూకం రెండూ మకారంతో మొదలవుతాయి కాబట్టి బంధువులు అనుకునేవారున్నారు. బంధువులు కావు. మూకుడు, అనగా మూగవాడు, పలకలేనివాడు. ముని పలకగలిగీ పలకనివాడు. శక్తి ఉండడం మౌనానికి షరతు. అందుకే మాటలు లేని తొలి సినిమాలను తెలుగువారు మూకీలు అన్నారు, మౌన చిత్రాలు అనలేదు. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చేవరకు మన తెరకు పలికే శక్తి లేదు, కాబట్టి ఆ పేరు న్యాయమైనదే. 'అవాక్కయ్యాడు' కూడా ఈ గూటిదే. ఆశ్చర్యం చేతనో దుఃఖం చేతనో మాట పోయినవాడు అవాక్కు. అతను మాట ఆపలేదు, మాటే అతనికి అందలేదు.

5. మౌనవ్రతం, మౌనం పాటించడం

వ్రతం అంటే కాలాన్నీ నియమాన్నీ ముందుగా నిర్ణయించుకుని చేసేది. గాంధీ సోమవారాలు మాట్లాడేవారు కాదు. అవసరమైనది చీటీల మీద రాసిచ్చేవారు. మెహెర్ బాబా 1925 జూలై 10న మాట మాని, 1969లో మరణించేదాకా తిరిగి పలకలేదు. తొలుత అక్షరాల పలక మీద వేలు పెట్టి చెప్పేవారు. 1954లో దాన్నీ వదిలి సైగలతో చెప్పారు. వీరిద్దరూ ఆపింది ధ్వనిని, భావం అందించడాన్ని కాదు. సైగ కూడా లేనిదే కాష్ఠమౌనం. కాబట్టి 'ఆయన మౌనవ్రతంలో ఉన్నారు' అంటే 'ఆయన ఏమీ చెప్పడం లేదు' అని అర్థం చేసుకోకూడదు.

ఉత్తరాది పంచాంగం మౌనీ అమావాస్య అని పిలిచే తిథి మనకు పుష్య బహుళ అమావాస్య. అదే కాకినాడ ప్రాంతంలో చొల్లంగి అమావాస్య. తిథి ఒకటే. అక్కడి పేరు మౌనం నుంచి వచ్చింది, ఇక్కడి పేరు సముద్రస్నానానికి పోయే ఊరి నుంచి వచ్చింది.

రెండు నిమిషాల మౌనం ఈ దేశపు వ్రతం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబర్ 11న, ఐదో జార్జి పిలుపుతో బ్రిటిష్ సామ్రాజ్యం పాటించిన ఆచారం అది. జనవరి 30న ఉదయం 11 గంటలకు అమరవీరుల స్మృతిలో మనం పాటించేది ఆ రూపంలోనే. ఇక్కడ మౌనం సమష్టిది, బహిరంగమైనది, గడియారంతో కొలిచేది. మనసు అదుపు దీనికి షరతు కాదు. నిలబడడం, పలకకపోవడం చాలు. మూలార్థానికి ఇది చాలా దూరం వచ్చింది. అయినా వాడుక స్థిరపడింది కాబట్టి తప్పనలేం.

6. ఊరుకోవడం, గప్‌చుప్, తూష్ణీంభావం

ఊరక అన్న అవ్యయానికి ప్రయోజనం లేకుండా, కారణం లేకుండా, పలకకుండా అని మూడు అర్థాలున్నాయి. దాని నుంచి వచ్చినవే ఊరకుండు, ఊరుకొను. ఊరుకోవడంలో ముఖ్యం పలకకపోవడం కాదు, ప్రతిక్రియ చేయకపోవడం. 'నేను కాబట్టి ఊరుకున్నా' అన్నవాడు ఆ రోజు నానామాటలు అని ఉండవచ్చు. చేయి మాత్రం చేసుకోలేదు, కోర్టుకు పోలేదు. అదే అతని ఊరుకోవడం. శామీర్‌పేట మాటల్లో ఇది 'ఊకుండుడు', ఆజ్ఞార్థంలో 'ఊకో'. 'ఊకె' మాత్రం ఇక్కడ మాటిమాటికీ అనే అర్థంలో కూడా నడుస్తుంది. 'ఊకె అడుగకు' అంటే ఊరికే అడగవద్దని కాదు, పదేపదే అడగవద్దని.

గప్‌చుప్ దక్కనీ ఉర్దూ వాసన ఉన్న మాట. 'గప్‌చుప్‌గ కూసో' అంటే చడీచప్పుడు లేకుండా కూర్చోమని. ఇందులో ఆజ్ఞ ఉంది, పక్కనే రహస్యమూ ఉంది. ఇదే పేరు హైదరాబాద్ చుట్టుపక్కల బండి మీద అమ్మే పానీపూరీకీ ఉంది. ఏ అర్థమో వినేవాడికి సందర్భమే చెబుతుంది.

తూష్ణీం అన్న సంస్కృత అవ్యయానికి పలకకుండా అని మాత్రమే అర్థం. తూష్ణీంభావం అంటే పలకకుండా ఉండడం. ఇందులో మునిత్వం లేదు, నిందా లేదు. తెలుగులో మాత్రం ఇది తిరస్కారం, ఉపేక్ష అనే అర్థంలోకి జారింది. 'తూష్ణీంభావంతో చూశాడు' అంటున్నాం. సంస్కృతం ప్రకారం చూపుకు తూష్ణీంభావం కుదరదు. తెలుగు వాడుకలో కుదిరిపోయింది. చదివేవారు రెండు అర్థాలూ ఎరిగి ఉండాలి.

7. మౌనం అర్ధాంగీకారం

సంస్కృతంలో మౌనం సమ్మతికి లక్షణం అన్నారు. లక్షణం అంటే గుర్తు. గుర్తు వేరు, వస్తువు వేరు. తెలుగు సామెత ఇంకొంచెం తగ్గించి సగం అంగీకారమే అంది. లోకం మాత్రం ఈ సగాన్ని పూర్తిగా లెక్కగడుతుంది. తప్పు ఇక్కడ జరుగుతోంది. మిగిలిన సగం నోటితోనో చేత్తోనో రావాలి.

చట్టం ఈ విషయంలో సామెత కంటే జాగ్రత్తగా ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ వివరణ ప్రకారం, ఒప్పుకునేవాడి నిర్ణయాన్ని మార్చగల సంగతి తెలిసీ ఊరుకోవడం దానికదే మోసం కాదు. దీనికి రెండు మినహాయింపులు. పరిస్థితిని బట్టి మాట్లాడడం అతని బాధ్యత అయితే మోసం. ఆ పలకకపోవడమే పలకడంతో సమానమైతే మోసం. చట్టం గుర్రం ఉదాహరణ ఇస్తుంది. జబ్బు గుర్రాన్ని వేలంలో పరాయివాడికి అమ్మి ఊరుకుంటే మోసం కాదు. అప్పుడే మైనారిటీ తీరిన కూతురికి అమ్మి ఊరుకుంటే బాధ్యత తప్పినట్టు. 'మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా' అని కొనేవాడు అన్నాక కూడా ఊరుకుంటే, ఆ మౌనం 'బాగుంది' అన్నట్టే.

శామీర్‌పేటలో అమ్ముడయ్యేవి గుర్రాలు కావు, భూములు. స్థిరాస్తికి నియమం ఇంకా గట్టిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. ఆ లోపం కొనేవాడికి తెలియనిదై, మామూలు జాగ్రత్తతో తెలుసుకోలేనిదై ఉండాలి. చెప్పకపోతే అది మోసపూరితం అని ఆ సెక్షనే అంటుంది. ఈ షరతులను విడదీసి చూడాలి. చెరువు ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం, గీతకు 30 మీటర్ల లోపు కట్టకూడదన్న నియమం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఉంది. అది ప్రకటిత నియమం. కొనేవాడు విచారించి తెలుసుకోగలడు. కాబట్టి 'నాకు చెప్పలేదు' అన్న వాదన అక్కడ బలహీనపడుతుంది. అదే భూమి మీద అమ్మేవాడు రిజిస్టర్ చేయని ఒప్పందం ఇంకొకరికి రాసిచ్చి ఉంటే, అది రికార్డులో కనబడదు. అక్కడ ఊరుకోవడం నేరుగా బాధ్యత తప్పడమే.

మౌనాన్ని చట్టం అనుమానించడమే కాదు, కాపాడుతుంది కూడా. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు ప్రకారం నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. 1986లో కేరళ పిల్లల కేసులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. జాతీయగీతానికి గౌరవంగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ పిల్లలకు అనుకూలంగా తీర్పు రాశారు. అంటే పలకకపోవడం అగౌరవమని దానికదే రుజువు కాదు.

8. నిర్ణయం

చూసినవన్నీ కలిపితే తేలేది ఇది. చోటులో ధ్వని లేకపోతే నిశ్శబ్దం. మనుషులు లేకపోతే నిర్మానుష్యం. పలకలేకపోతే మూగతనం. పలకగలిగీ మనసును నిగ్రహించుకుని పలకకపోతే మౌనం. చేయవలసిన ప్రతిక్రియను ఆపుకుంటే ఊరుకోవడం. ఎవరైనా పలకనప్పుడు దాని అర్థం చెప్పే ముందు రెండు సంగతులు విచారించాలి. అతనికి పలికే శక్తీ స్వేచ్ఛా ఉన్నాయా? పలకడం అతని బాధ్యతా? మొదటిదానికి జవాబు 'లేవు' అయితే ఆ మౌనాన్ని అంగీకారంగా లెక్కపెట్టడం అన్యాయం. రెండింటికీ జవాబు 'అవును' అయితే ఆ మౌనానికి అతనే జవాబుదారీ.

భూమి కొనబోయే పాఠకుడికి చివరిగా ఒక మాట. అదే 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తి గురించీ హక్కు గురించీ కొనేవాడు అడిగే సంబంధిత ప్రశ్నలన్నిటికీ అమ్మేవాడు తనకు తెలిసినంత మేర జవాబు చెప్పాలి. అడగనిదానికి ఊరుకునే సందు కొంత ఉంటుంది, అడిగినదానికి ఉండదు. కాబట్టి ఊకోకండి. ప్రశ్నలు కాగితం మీద రాసి అడగండి, జవాబులు కాగితం మీదే తీసుకోండి.